పాలీషు

కర్నూలు రోడ్డు మీద మా ఆస్పత్రిలో
కత్తి కంటే ముందు కాయితం వస్తుంది.
తొమ్మిది ప్రశ్నలు.
ఇంగ్లీషులో వచ్చినవాటిని
ఒంగోలు నోటికి మార్చింది నేనే.
"మీ రూపం పట్ల అసంతృప్తి" అని ముందు రాసి
కొట్టేశాను.
"నీ మొహంలో ఏది నిన్ను నిద్రపోనియ్యటంలా?" అని రాశాను.
మేడం చదివి
అట్నే ఉండనియ్యి వెంకాయమ్మా, అన్నారు.

పొద్దున వచ్చాడు మాలకొండయ్య.
చీమకుర్తిలో గెలాక్సీ రాయికి పాలీషు పట్టే పిల్లోడు.
ఇరవై నాలుగేళ్ళు, నల్ల మాస్కు,
చేతిగీతల్లో రాతిబూడిద.
మూడేళ్ళు చీటీ కట్టి పాడుకున్న డబ్బు
క్యారీబ్యాగులో చుట్టి తెచ్చాడు.

రోజుకి ఎన్నిసార్లు అద్దం చూస్తావయ్యా?
"అద్దం పగలగొట్టి రెండేళ్ళయిందక్కా."
సున్నా వెయ్యబోయాను.
"రాయి ఉందిగా" అన్నాడు.
పొద్దున మిషను కిందికొచ్చినప్పుడు గరుకుగా ఉంటుందంట,
ఎవరి మొహమూ దానికి పట్టదంట.
నీళ్ళు పోస్తా పోస్తా
మధ్యాన్నానికి నునుపు తేలేకొద్దీ
నల్లటి లోతులోంచి ముక్కు పైకొస్తుందంట,
చుట్టూ వెండి చుక్కలతో.
"పది అడుగుల రాయక్కా. పది అడుగులూ నా ముక్కే."
ఎంత బాగా పనిచేస్తే
అంత బాగా కనపడుతుందంట.

పెన్ను ఆపాను.
ఆ గడిలో ఎంత వెయ్యాలి?

మాస్కు తీశాడు.
ముక్కు.
మధ్యలో సన్న వంపు, బియ్యపుగింజంత.
మా పెద్దనాయనకి ఇంతకి రెండింతలుండేది,
దాంతోనే పొగాకు బ్యారన్లు కట్టి
ముగ్గురు పిల్లల్ని సాకి
హాయిగా గురకపెట్టి పోయాడు.
ఆ మాట అతనికి చెప్పలేదు.
చెప్పకూడదని నేర్పించారు.

"కనపడతందా లేదా, నిజం చెప్పక్కా."
లేదంటే, నా కళ్ళే అబద్ధమా అంటాడు.
ఉందంటే, ఈ రాత్రికి అది
గుండ్లకమ్మంత పొడుగవుద్ది.
అందుకే ఆ ప్రశ్న కాయితంలో లేదు.
పెళ్ళిళ్ళకి పోతన్నావా,
ఫొటోలో నిలబడతన్నావా,
చివరిసారి ఎవరితో కూర్చుని తిన్నావు, అంతే.
అన్న పెళ్ళిలో వంటలకాడ పొగలో కూర్చున్నానన్నాడు.
చీకటిపడ్డాకే బస్సెక్కుతానన్నాడు.

పక్క బెంచీ మీద లారీ డ్రైవరు సుభానీ,
మేదరమెట్ల దగ్గర దవడ విరిగి
తీగలతో బిగించిన నోరు.
అతనికీ అదే కాయితం.
అన్నిటికీ అడ్డంగా తలూపి
కింద ఖాళీలో వంకరగా రాశాడు:
కోడి ఎముక నమలాలి.

మాలకొండయ్యకి లెక్క కూడితే
గీత దాటింది.

ఈ కాయితం లేని రోజుల్లో ఒకావిడ, కందుకూరు టీచరు,
గడ్డం చెక్కించుకుని వెళ్ళింది.
కుట్లు ఆరకముందే వచ్చి దవడ చూపించింది,
దవడయ్యాక చెంప.
లోపం ఒక్కటే, తిరుగుతా ఉండేది
గోడమీద బల్లిలాగా.
నాలుగోసారి ఆవిడ రాలేదు.
వాళ్ళాయన వచ్చాడు, ఫైలు అడగడానికి.
ఆ రాత్రి మేడం ఇంటికి పోలేదు.

అతనితో చాలాసేపు మాట్లాడారు మేడం.
కొయ్యను అనలేదు, ఇప్పుడు కొయ్యను అన్నారు.
నీ బాధ నిజం, అది ముక్కులో లేదు, అన్నారు.
అతనికి పిచ్చి అన్న మాట వినపడింది.
ఆవిడ అననే లేదు.
"డబ్బు తక్కువైందా?" అని సంచి బల్లమీద పెట్టాడు.
"హైదరాబాదులో చేస్తార్లే" అన్నాడు.
చేస్తారు. మాకు తెలుసు.

మనసు డాక్టరుకి చీటీ రాసిచ్చాం,
గురువారం, బస్టాండు ఎదురుగా మేడమీద.
దాన్ని ఎనిమిది మడతలు పెట్టాడు.
గాజుతలుపు దాకా వెళ్ళి
పక్కకి తిరిగి, భుజంతో తోశాడు,
గాజు వైపు చూడకుండా.

ఇంటికొచ్చి వంటగట్టు తుడిచాను.
గెలాక్సీ రాయే.
తడి ఆరేచోట చుక్కల మధ్య నా మొహం,
దాని కింద
ఈ నునుపు తేల్చినవాడి మొహం ఎవరిదో.
తడిగుడ్డ దానిమీదే పరిచి వదిలేశాను.

ఇవాళ సోమవారం.